వాసన తెలియని వంట

నాకు వాసన పోయిందని తెలిసింది టర్పెంటైన్ డబ్బా మూత తీసినప్పుడు.

నేను బోర్డులు రాసేవాణ్ణి. పోర్ట్ బ్లెయిర్ శివారు గరాచర్మలో మా ఇంటి వెనక రేకుల షెడ్డు వేసుకుని దుకాణాల బోర్డులు, బడుల గోడలు, హాడో రేవులో పడవల పేర్లు రాస్తూ ఎన్నో ఏళ్ళుగా ఆ ఘాటులోనే బతుకుతున్నాను. అన్నం కలిపేటప్పుడు కూడా నా వేళ్ళు అదే వాసన వేస్తాయని నా భార్య సత్యవతి దెప్పుతూ ఉంటుంది. ఆ రోజు మూత తీస్తే నీళ్ళ బిందె మీదకు వంగినట్టు ఉంది. గుడ్డ ముంచి ముక్కుకు అదిమి పెట్టుకున్నాను. కళ్ళు మండాయి గాని వాసన రాలేదు. మూత తిరిగి బిగించాను. లోపల గదిలో సత్యవతికి అప్పటికే జ్వరం.

అది రోగం ద్వీపాలకు వచ్చిన ఏడాది, ఆగస్టు నెల. ఓడలో దిగిందని కొందరు, విమానంలో దిగిందని కొందరు తగువులాడుకుంటున్న రోజులు. నాకు మాత్రం బజారులోనే అంటి ఉంటుందని నా లెక్క. లాక్‌డౌన్ సడలించాక రేషను దుకాణాల ముందు మనిషికీ మనిషికీ ఎడం ఉండాలని తెల్ల వలయాలు గీసే పని దొరికింది. దారం పట్టి, సుద్ద కొట్టి, ఎడంలో వేలెడంత కూడా తేడా రాకుండా గీశాను. నేనెలా గీస్తున్నానో చూడడానికి జనం నా వీపు మీదకు వంగేవారు.

"ఆర్టిస్ట్ భయ్యా, నా గోళా కొంచెం పెద్దగా గీయి. నా పొట్ట బయటికొస్తోంది" అన్నాడు ఒకాయన.

అందరం నవ్వాం. ఎడం పాటించమని గీస్తున్న గీతల మీదే, భుజాలు రాసుకుంటూ నవ్వాం.

నేను ఎనిమిదితో చదువు ఆపేసినవాణ్ణి. అయినా లెక్క లేనిదే నా పని సాగదు. అగ్గిపెట్టె మీది బొమ్మను గోడంత చేయాలన్నా, పొడుగు పేరును పొట్టి బోర్డులో ఇమడ్చాలన్నా నా కిటుకులు నాకున్నాయి. ఎవరూ నేర్పినవి కావు. భయం వేసినా నేను చేసేది అదే. కూర్చుని లెక్క వేసుకుంటాను. లెక్క తేలితే భయం సగానికి దిగుతుంది. ఈ జబ్బులో లెక్క ఎక్కడ తేలిందో, ఎక్కడ తప్పిందో చెబితే ఇలాంటి రోజులు వచ్చిన మరొక ఇంటికి పనికొస్తుందేమోనని రాస్తున్నాను. రాస్తుంటే నా చెయ్యి నిలకడగా ఉంటోంది. అదీ ఒక కారణమే.

పరీక్ష చేసేచోట రేకుల వసారాలో కుర్చీ విడిచి కుర్చీ మీద ఎర్ర ఇంటూ గుర్తులు వేశారు. వేసినవాడు బ్రష్షుకు రంగు ఎక్కువ పట్టించాడు. గుర్తులన్నీ కింది దాకా కారి ఉన్నాయి. అంత భయంలోనూ నా కన్ను వాటి మీదే. ఇటు నేను, అటు పదకొండో తరగతి చదువుతున్న మా అమ్మాయి లావణ్య, మధ్యలో సత్యవతి. వాన రేకుల మీద దబదబా కొడుతోంది. ఎవరో దగ్గితే వసారా అంతా ఒకేసారి అటు తిరిగేది.

"పిండి ఫ్రిజ్‌లో పెట్టేరా? బయటుంటే పొంగిపోద్ది" అంది సత్యవతి. మాటకీ మాటకీ మధ్య ఆగుతోంది.

"అమ్మా, ప్లీజ్. ఇప్పుడు పిండి గురించా?" అంది లావణ్య.

ముగ్గురికీ ఉందన్నారు. తెల్ల కిట్టు తొడుక్కున్న మనిషి ఒకాయన సత్యవతి వేలికి ఆక్సిజన్ చూసే చిన్న మెషిన్ తగిలించి, చూసి, ఏమీ అనకుండా రాసుకున్నాడు. నాకు అంకె చెప్పి ఉంటే భయపడేవాణ్ణి. చెప్పకపోయేసరికి ఇంకా భయపడ్డాను.

"ఆంటీ మా వెంట రావాలి. మీరిద్దరూ ఘర్ పే రహో. బయటికి రాకండి" అన్నాడు.

బండి ఎక్కుతూ సత్యవతి వెనక్కి తిరిగింది. "అన్నం కుక్కర్లో పెట్టండి. గ్లాసు బియ్యానికి నీళ్ళు..."

ఎన్ని గ్లాసులో చెప్పేలోపే తలుపు మూశారు.

*

సత్యవతి తిండి సంగతి ఇక్కడ చెప్పాలి. అది తెలియకపోతే మిగతాది అర్థం కాదు.

ఆమె దూరపు దీవిలోని హట్ బేలో పుట్టి పెరిగింది. సునామీ వచ్చినప్పుడు నెలల పిల్లైన లావణ్యతో పుట్టింట్లో ఉంది. నేను పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నాను. పిల్లను చంకన వేసుకుని గుట్ట ఎక్కింది. వాళ్ళ తమ్ముడు జెట్టీ వైపు వెళ్ళాడు, ఎక్కడున్నాడో తెలియదు. పైన క్యాంపులో ఎవరో ఆకులో కిచిడీ పెట్టి ఇచ్చారు. పాలిచ్చే తల్లి, ఆకలి. తింది. ఆమె తింటూ ఉండగానే ఇద్దరు మనుషులు వచ్చి తమ్ముడు దొరికాడని చెప్పారు. ఎలా దొరికాడో వాళ్ళ మొహాల్లో కనిపించిందట.

ఆనాటి నుంచి ఇంట్లో అందరూ తిన్నారని చెవిన పడితే తప్ప ఆమెకు ముద్ద దిగదు. నేను పని మీద డిగ్లీపూర్ వెళ్ళినా ఫోనులో "తిన్నారేటి?" అని అడిగాకే కంచం ముందుకు లాక్కుంటుంది. నేను ఎన్నో రకాలుగా చెప్పి చూశాను. అది లెక్కకు లొంగే సంగతి కాదు.

ఆస్పత్రిలో చేరిన మర్నాడు ఫోను వచ్చింది.

"అంకుల్, వార్డు నుంచి సిస్టర్‌ని. ఆంటీ నిన్నటి నుంచి ఖానా ముట్టట్లేదు. ఇంట్లో తిన్నారో లేదో తెలీదంటున్నారు. మీరు తిన్నారా?"

"తిన్నాం."

"ఆంటీ, తిన్నారంట!" తరవాత దూరంగా ఏదో గొణుగుడు. "ఏం తిన్నారో చెప్పమంటున్నారు అంకుల్."

"బిస్కెట్లు."

"తల అడ్డంగా ఊపుతున్నారు. బిస్కెట్లు తిండి కాదంట. అంకుల్, డాక్టర్ సాబ్ గట్టిగా చెప్పారు. ఈ జబ్బులో తినకపోతే తేరుకోవడం చాలా కష్టం. మీరేదైనా చేయండి."

ఫోను పెట్టి వంటగది గుమ్మంలో నిలబడ్డాను. నా భార్య ప్రాణం, నేను పప్పు వండడం మీద ఆధారపడి ఉంది. నేనేమో జన్మలో పప్పు వండినవాణ్ణి కాను. పైగా ముక్కు లేదు, నాలుక లేదు. లావణ్యకూ అంతే. ఇద్దరికీ ఉప్పూ సున్నమూ ఒకటే.

మిగిలింది కన్ను. కన్నుతోనే వండాను. పప్పు, జెట్టీ మీద ఓడ తాళ్ళు కట్టే ఇనుప గుంజల పసుపు రంగు వచ్చేదాకా పసుపు వేశాను. చారు, ఇనుముకు పూసే రెడ్ ఆక్సైడ్ ఎరుపు దగ్గర ఆగింది. అన్నానికి నీళ్ళ లెక్క తెలియదు కదా, మొదటి రోజు వచ్చింది అన్నం కాదు, గోడకు వేసే మొదటి పూత.

"నాన్నా, దీన్ని తినాలా, పుయ్యాలా?" అంది లావణ్య.

ఫోటో తీసి పంపాం. వెళ్ళలేదు. ఫోను మీద ఆ గుండ్రటి గీత తిరుగుతూనే ఉంది. మా లైన్లో అప్పుడు నెట్ అలా ఉండేది. వెళ్ళకపోవడమే మంచిదయింది. మాడిన గిన్నె, జ్వరంతో పీక్కుపోయిన నా మొహం, అన్నీ అందులో ఉన్నాయి. అప్పుడు పాత క్యాలెండరు కాగితం వెనక మార్కరుతో బొమ్మ వేశాను. గుండ్రంగా రెండు పళ్ళేలు. ఒకదాని ముందు లావణ్య, అన్నంలోంచి గరిట పీకడానికి గోడకు కాలు తన్నిపెట్టి లాగుతోంది. రెండోదాని ముందు నేను, పప్పులో బ్రష్షు ముంచుతున్నాను. తెల్ల కాగితం మీద నల్ల గీతలే కాబట్టి లావణ్య దాన్ని ఏదో చేసి చిన్నది చేసింది. వెళ్ళింది.

సిస్టర్ నుంచి మాట రావడానికి చాలాసేపు పట్టింది.

"చూశారు అంకుల్. నవ్వారు. నాలుగు ముద్దలు తిన్నారు."

నేను మాడిన గిన్నె తోమడానికి కూర్చున్నాను.

*

అలా పూటపూటకూ ఒక వంట, ఒక బొమ్మ. వంట పూర్తయ్యాక బొమ్మ, బొమ్మ వెళ్ళాక భయం, సిస్టర్ ఫోను వచ్చాక ఊపిరి. ఇదీ మా దినచర్య.

ఇంతలో కొత్త భయం పట్టుకుంది. మా ఇద్దరికీ దాహం మొదలైంది. మామూలు దాహం కాదు. బిందె నీళ్ళు తాగినా నాలుక అట్టలా ఉండేది. పెదాలు పగిలాయి. నా పాదాలు ఉబ్బాయి. ఈ జబ్బులో షుగరు పెరుగుతుందని, మూత్రపిండాలు పోతాయని ఎవరో ఫోనులో చెప్పి ఉన్నారు. సాయానికి ఫోను చేయమని ఇచ్చిన నంబరు ఎప్పుడు చేసినా బిజీ.

"నాన్నా, నాకూ షుగరొచ్చిందా?" అని అడిగింది లావణ్య. పిల్ల గొంతు అంత చిన్నగా రావడం నేను ఎప్పుడూ వినలేదు.

ఆ రోజు బొమ్మలో ఏం వేయాలో తోచక నన్నే వేసుకున్నాను. బుల్లి గిన్నె ముందు చెంచా నిండా ఉప్పు ఎత్తి పట్టుకుని, మందు కలిపే డాక్టరులా ఒక కన్ను మూసి చూస్తున్నాను. పంపాను. వెంటనే ఫోను మోగింది. ఈసారి సత్యవతే.

"ఏటండీ... ఆ బుల్లి గిన్నెకి... అంత చెంచాడు ఉప్పేనా వేస్తున్నారు?"

"లెక్క ప్రకారమే వేశాను. నువ్వు పెద్ద గిన్నెకి నాలుగు చెంచాలు వేస్తావని లావణ్య చెప్పింది. ఈ గిన్నె దాంట్లో సగం ఎత్తు, సగం వెడల్పు. అంటే నాలుగో వంతు. ఒక చెంచా."

అవతల కాసేపు ఊపిరి చప్పుడే వినిపించింది. తరవాత అంది. "బోర్డుకి లోతుండదు. గిన్నెకుంటాది. అరచెంచా చాలు దానికి... పిల్లని ఉప్పులో ఊరేసి చంపుతారేటి?"

నిజమే. బోర్డును సగానికి తగ్గిస్తే పొడవు, వెడల్పు రెండే తగ్గుతాయి. నా బతుకంతా బల్లపరుపు లెక్కలే. గిన్నెకు మూడోది ఉంటుందని నాకు తట్టలేదు. పప్పులో, చారులో, కూరలో, అన్నిట్లో రెండింతల ఉప్పు. తిన్న ఇద్దరికీ రుచి తెలియదు. మాకు వచ్చినది షుగరు కాదు, ఉప్పు.

సత్యవతి నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు దగ్గయింది. దగ్గు ఆగలేదు. నేనూ లావణ్యా ఫోనుకు చెవులు ఆనించి కదలకుండా కూర్చున్నాం. "చాలు ఆంటీ, లేటో, పడుకోండి" అని సిస్టర్ గొంతు, ఏదో మెషిన్ కూత, లైను తెగిపోవడం. నవ్వించడం కూడా ఆమెకు ప్రమాదమేనని అప్పుడు తెలిసింది. నవ్వించకపోతే తినదు. ఎంత నవ్వించాలో కొలత తెలియని వంట అది.

అదే వారంలో గ్యాసు. వాన గాలికి స్టవ్ ఆరిపోయింది. నేను గరిటతో పప్పు మెదుపుతూ అక్కడే ఉన్నాను. లావణ్య పక్కనే ఉల్లిపాయ తరుగుతోంది. ఇద్దరికీ తెలియలేదు. గోడ అవతల నుంచి పక్కింటి ఫూల్మణి దీదీ కేకలు. ఆమె తాతల కాలంలో రాంచీ వైపు నుంచి అడవి పనికి వచ్చిన కుటుంబం. మా మధ్య తెలుగూ హిందీ కలగలిపి నడుస్తుంది.

"భయ్యా! గ్యాస్ ఆ రహా హై! బంద్ కరో! లైటు ముట్టకండి, తలుపులు తియ్యండి!"

స్టవ్ కట్టేసి, పిల్లను రెక్క పట్టుకుని పెరట్లో వానలోకి లాగాను. చాలాసేపు అక్కడే తడుస్తూ నిలబడ్డాం. ఇది చదివేవాళ్ళకు ఒక్క మాట. వాసన పోయినవాళ్ళు పొయ్యి దగ్గర ఒంటరిగా ఉండకండి. మంట మీద నుంచి కన్ను తీయకండి.

ఆ రోజు నుంచి దీదీ మా వంట వేళకు గోడ అవతల పీట వేసుకుని కూర్చునేది. మా ఇంటి ముక్కు గోడ అవతల ఉండేదన్నమాట.

"ఇప్పుడెలా ఉంది దీదీ?" అని అరిచేవాణ్ణి.

"ఉల్లి లాల్ అయింది. టమాటా వెయ్యి. అరె, జల్ రహా హై! దించు భయ్యా, దించు!"

గేటుకు మునగాకు, కొబ్బరికాయ, ఒక్కోసారి సుర్మాయి చేప ముక్కలు సంచిలో తగిలించి, "బాసీ కాదు, పొద్దుటిదే. నేను వాసన చూశాను" అని చెప్పేది. వాసన తెలియని ఇంటికి అంతకంటే పెద్ద భరోసా లేదు. ఆ పూట బొమ్మలో దీదీ ముక్కు గోడ దాటి, పెరడు దాటి, మా మూకుడులోకి వచ్చింది. ఆ బొమ్మకు సత్యవతి మొత్తం అన్నం తిన్నదని, పక్క మంచం మామ్మ కూడా ఫోను తనకు చూపించమని గోల చేసిందని సిస్టర్ చెప్పింది.

*

తరవాతి వారం సత్యవతికి పెద్ద మాస్కు పెట్టారు. మాట్లాడే వీలు లేదు. "మాస్కు తీసి ముద్ద పెట్టి మళ్ళీ పెడుతున్నాం అంకుల్. బొమ్మ చూస్తేనే నోరు తెరుస్తున్నారు" అంది సిస్టర్. ఆమె గొంతులో మునుపటి హుషారు లేదు.

సరిగ్గా అప్పుడే తగ్గిందనుకున్న నా జ్వరం తిరగబెట్టింది. ఈసారి ఆకలి పూర్తిగా పోయింది. లావణ్యకు వడ్డించి, నేను తరవాత తింటానని చెప్పి, ఇద్దరం తిన్నామన్నట్టు రెండు ఖాళీ పళ్ళేల బొమ్మ వేసి పంపేవాణ్ణి. ఆస్పత్రివాళ్ళు ఇంటికి ఇచ్చిన అలాంటి మెషిన్‌లో నా అంకె పూటకింత దిగుతోంది. లావణ్య అడిగితే బ్యాటరీ వీకైందన్నాను.

నా లెక్క ఇది. నన్ను ఆస్పత్రికి తీసుకుపోతే సత్యవతికి తెలుస్తుంది. తెలిస్తే ఆమె నోరు తెరవదు. తెరవకపోతే ఆమె ఉండదు. నేను ఇంట్లోనే ఉండి, పళ్ళేలు గీస్తూ, ఆమె గట్టెక్కేదాకా ఓర్చుకోగలిగితే చాలు. కాగితం మీద ఆ లెక్క సరిగ్గానే కనిపించింది.

ఆ మధ్యాహ్నం బొమ్మ పంపిన కాసేపటికి సిస్టర్ ఫోను చేసింది.

"అంకుల్, వేలికి మెషిన్ పెట్టి నంబర్ చెప్పండి."

"బాగానే ఉందమ్మా."

"బాగుందా అని అడగలేదు. నంబర్ అడిగాను."

నేను మెషిన్‌ను గుప్పిట్లో మూసుకున్నాను.

"ఆంటీ మాస్కు లాగేసి చెప్పారు అంకుల్. మేం వద్దంటున్నా వినలేదు. బొమ్మలో పళ్ళెం అంచు మూడు చోట్ల తెగిందంట. మా ఆయన పళ్ళెం ఒక్క ఊపిరిలో గీస్తాడు, ఆయనకి ఊపిరి నిలవట్లేదు, గాడీ పంపండి అన్నారు."

మా పనిలో పొడుగు గీతైనా, వలయమైనా ఊపిరి బిగబట్టి ఒకేసారి లాగాలి. మధ్యలో ఊపిరి వదిలితే చెయ్యి కదులుతుంది. పెద్ద బోర్డులకు దారం రెండో కొస పట్టుకునేది సత్యవతే. నేను ఊపిరి వదిలిన చప్పుడు విని దారం వదలడం ఆమెకు అలవాటు. ఏ డాక్టరూ చూడని చోట ఆమె చూసింది. నేను నా చేతి గీతనే సరిగా చూసుకోలేదు.

లావణ్య నా చెయ్యి లాక్కుని మెషిన్ తగిలించింది. "ఎనభై ఎనిమిది" అంది. తరవాత నా వైపు చూడకుండా ఏడ్చింది.

బండి ఎక్కేటప్పుడు పిల్ల గుమ్మంలో ఒక్కతే నిలబడి ఉంది. గోడ మీదుగా దీదీ తల కనిపించింది.

"బేటీని నేను చూస్తాను. నువ్వు వెనక్కి చూడకు భయ్యా, వెళ్ళు" అంది.

*

మగవాళ్ళ వార్డు ఒక చివర, ఆడవాళ్ళది ఇంకో చివర. మధ్య నడవా. మా ఇద్దరినీ కలవనివ్వరు. ముక్కు మీద మాస్కు, చెవుల్లో గాలి హోరు. నా పక్క మంచం మీది పెద్దాయన పొద్దున్న నాతో కళ్ళతో పలకరించాడు. మధ్యాహ్నానికి ఆ మంచానికి కొత్త దుప్పటి పరిచారు. ఎక్కడికి మార్చారని నేను అడగలేదు. అడిగితే చెబుతారేమోనని భయం.

కిట్టులో మునిగిపోయిన ఒక చిన్న పిల్ల వచ్చి మంచం దగ్గర నిలబడింది. కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి.

"బొమ్మల అంకుల్ మీరేనా? నేనే, సిస్టర్‌ని."

గొంతు గుర్తుపట్టాను. ఫోనులో ఎంతో పెద్దదనుకున్నాను. లావణ్య కంటే నాలుగైదేళ్ళు పెద్దదేమో.

"ఆంటీ నిన్నటి నుంచి నీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. నేను మీరు తిన్నారని ఝూట్ చెప్పాను. నమ్మలేదు. ఇప్పుడిక మీరు నిజంగా తినాలి అంకుల్. నేను ఇక్కడే నిలబడతాను."

ట్రేలో ఉన్నది కిచిడీ.

దాన్ని చూడగానే నాకు ఏమైందో చెప్పలేను. అదే తిండి, అలాగే మందలా చేర్చిన మనుషులు. అక్కడ గుట్ట మీద ఆమె తింటుండగా కబురు వచ్చింది. ఇక్కడ నేను తింటూ ఉండగా నడవా అవతలి నుంచి ఎవరైనా వస్తే? ద్వారం వైపు చూస్తూ కూర్చున్నాను.

"అంకుల్. అటు కాదు. పళ్ళెం చూడండి."

మాస్కు తీసి ఒక చెంచా. మళ్ళీ మాస్కు. రొమ్ము ఎగిసి ఎగిసి పడేది. అది దిగాక ఇంకో చెంచా. గొంతులో తడిమట్టి జారుతున్నట్టు ఉండేది. సగంలో వాంతి వచ్చినంత పనైంది. ఆ పిల్ల నా వీపు మీద చెయ్యి వేసి, "ఎవరూ రావట్లేదు అంకుల్. తినండి" అంది. నేనేమీ చెప్పలేదు ఆమెకు. అయినా ఎలా తెలిసిందో.

పళ్ళెం ఖాళీ అయింది.

మందుల అట్టపెట్టె విప్పి వెనక వైపు నా ఒళ్ళో పెట్టి, పెన్ను ఇచ్చింది. పళ్ళెం గీశాను. అంచు మూడు చోట్ల కాదు, లెక్కలేనన్ని చోట్ల తెగింది. అతికించడానికి చూడలేదు. తెగినచోట తెగినట్టే వదిలేశాను. కింద ఒక మాట రాశాను: "తిన్నాను. ఉప్పు సంగతి తెలియదు." సిస్టర్ దాన్ని ఫోటో తీసుకుని నడవాలోకి వెళ్ళింది.

ఆ ఎదురుచూపు గురించి రాయాలని మూడుసార్లు మొదలుపెట్టి కొట్టేశాను. మనిషి ఒక తలుపు వైపు ఎంతసేపు చూడగలడో నాకు ఇప్పుడు తెలుసు.

తిరిగి వచ్చింది. "తిన్నారు అంకుల్. సగం."

"సగమేనా?"

"మిగతా సగం లావణ్య తిన్నదో లేదో తెలిశాక తింటారంట."

నాకు మాస్కు లోపలే నవ్వు వచ్చింది. నవ్వితే కళ్ళు చీకట్లు కమ్మాయి. సిస్టర్ అక్కడి నుంచే ఇంటికి ఫోను చేసింది. కాసేపటికి లావణ్య బొమ్మ వచ్చింది. పిల్లకు బొమ్మలు రావు. గుండ్రంగా ఏదో ఉంది, దానికి నాలుగు పక్కలా ఏవో పొడుచుకొచ్చాయి. ఆమ్లెట్టో, వెల్లకిలా పడిన తాబేలో తేల్చలేక సిస్టర్, నేను వాదించుకున్నాం. కింద మాత్రం స్పష్టంగా ఉంది, బడిలో నేర్చిన హిందీ అక్షరాల్లో తెలుగు మాట: "దీదీ ఎదురుగా కూర్చుని తినిపించింది. మొత్తం."

మిగతా సగం కూడా తిందని కబురు వచ్చాకే నేను కళ్ళు మూసుకున్నాను.

*

ముందు నేను ఇంటికి వచ్చాను. సత్యవతి వానలు తగ్గే వేళకు వచ్చింది. వార్డు గుమ్మం దగ్గర చూసి, ఈమె ఎవరో అనుకున్నాను. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. గోడ పట్టుకుని నడిచింది.

ఇప్పటికీ ఆమె దగ్గితే నేను చేస్తున్న పని ఆపేస్తాను. రెండో దగ్గు వస్తుందేమోనని వింటాను. రాకపోతే బ్రష్షు మళ్ళీ ఎత్తుతాను. డాక్టర్లు తగ్గిందన్నారు. నా చెవులకు ఇంకా తగ్గలేదు. మీ ఇంట్లోనూ అలాగే ఉంటే, అది మీ ఒక్కరికే కాదని చెప్పగలను, అంతే.

ఆమె వచ్చిన రోజు వంట నాది, లావణ్యది. అన్నం, పప్పు, దీదీ ఇచ్చిన చేపల వేపుడు. ఆమె కాచుక్కూర్చోకూడదని ముగ్గురి కంచాలూ ఒకేసారి పెట్టాలని ముందే అనుకున్నాం. ఆమెకు వడ్డించి లావణ్య మా కంచాల కోసం లోపలికి వెళ్ళింది. వచ్చేసరికి సత్యవతి పప్పు కలిపేసి తింటోంది. రెండో ముద్ద. మూడో ముద్ద. చేప ముక్క విరిచింది.

లావణ్య కంచాలు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "నాన్నా, అమ్మ అడగలేదు" అంది గుసగుసగా.

జబ్బు తలకేమైనా చేసిందా? మేమెవరమో మరిచిందా? ఊరుకోమని పిల్లకు సైగ చేసి, దగ్గరకు జరిగి, ఆమె మొహంలోకి చూశాను.

సత్యవతి తల ఎత్తలేదు. నాలుగో ముద్ద కలుపుతూనే అంది.

"ఏటలా సూస్తారు ఇద్దరూ? ఆకలేస్తంది నాకు."